‘మీ ఆఫీసులో కుల వివక్ష ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనే జవాబే వస్తుంది

నా పీహెచ్‌డీ పనిలో మొదటి ప్రశ్నావళిని పరీక్షించి చూసింది హైదరాబాద్‌లోని ఒక ఆఫీసు భవనం సెల్లార్‌లో. అక్కడ పార్కింగ్ పక్కనున్న చిన్న గదిలో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. నా ఫారంలో ఒక ప్రశ్న ఇలా ఉంది: “మీరు పనిచేసే చోట కుల వివక్ష ఉందా?” ఎదురుగా రెండు గడులు: ఉంది, లేదు. ఫారాలన్నీ నింపి ఇచ్చారు. దాదాపు అన్నింటిలోనూ టిక్కు ‘లేదు’ దగ్గరే ఉంది.

ఫారాలు సంచిలో పెట్టుకుంటుంటే ఒక అక్క నవ్వుతూ అడిగింది: “అయిపోయిందా తమ్మీ? ఇగ అసలు ముచ్చట చెప్పన్నా?”

తర్వాత అరగంట చెప్పింది. పై అంతస్తులో నీళ్ల మెషిన్ దగ్గర బాటిల్ పట్టుకోవద్దని సూపర్‌వైజర్ అన్న సంగతి చెప్పింది. టాయిలెట్ల డ్యూటీ ఎప్పుడూ కొందరికే పడుతుందని, రిసెప్షన్ తుడిచే డ్యూటీ వేరే కొందరికే వస్తుందని చెప్పింది. పనిలో చేరిన రోజే ‘మీదే ఊరు, ఊళ్లో ఏ వాడ’ అని అడిగారంది.

“మరి ఫారంల లేదని పెట్టినవ్ గదక్కా?” అన్నాను.

“గా కాయితం ఎవరి చేతికి పోతదో నాకేమెరుక? ఇంకోటి, నువ్వు రాసిన ఆ మాట, వివక్ష... అది కేసైనప్పుడు టీవీల చెప్తరు. ఇది రోజూ ఉండేదే గదా.”

నా ప్రశ్నలో ఉన్న రెండు లోపాలూ ఆమె ఒక్క నిమిషంలో చెప్పేసింది. ఒకటి భయం, రెండోది మాట. ఆ ఫారాలనే కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటే, ఆ భవనంలో కుల వివక్ష లేదని నా పరిశోధనే రుజువు చేసి ఉండేది. కంపెనీకి అంతకంటే మంచి సర్టిఫికెట్ ఇంకెవరూ ఇవ్వలేరు. పైగా ఇచ్చింది ఒక దళిత పరిశోధకుడు.

హాస్టళ్లలో, ఫ్యాక్టరీల్లో, మున్సిపాలిటీల్లో సర్వేలు చేసే విద్యార్థులూ కార్యకర్తలూ మనలో చాలామంది ఉన్నారు. పని చోట కులాన్ని కొలవాలంటే ప్రశ్నావళి ఎలా తయారుచేయాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను.

సున్నా ఎలా పుడుతుంది?

ప్రైవేటు కంపెనీల్లో కులం గురించి మన దగ్గర లెక్కలు చాలా తక్కువ. స్టాక్ మార్కెట్‌లో నమోదైన పెద్ద కంపెనీలు వెయ్యింటికి సెబీ 2022-23 నుంచి ‘బీఆర్‌ఎస్‌ఆర్’ అనే వార్షిక నివేదికను తప్పనిసరి చేసింది. ఉద్యోగుల్లో స్త్రీలెందరు, పురుషులెందరు, వికలాంగులెందరు అని అందులో రాయాలి. ఎస్సీ, ఎస్టీలు ఎందరన్న గడి లేదు. ‘పని చోట వివక్ష గురించి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని’ అన్న గడి మాత్రం ఉంది. కుల వివక్ష మీద ఫిర్యాదు చేయడానికి వ్యవస్థే లేని చోట, ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న చోట ఆ గడిలో ఏం పడుతుంది? సున్నా పడుతుంది. ఫిర్యాదులు లేవు అన్నది చదివేవాళ్లకు వివక్ష లేదు అన్నట్టుగా కనిపిస్తుంది.

లెక్కలు లేకపోతే పరిశోధకులు పక్కదారులు వెతుక్కోవాల్సి వస్తుంది. 2012లో అజిత్, డాంకర్, సక్సేనా అనే ముగ్గురు పరిశోధకులు దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల బోర్డు సభ్యుల కులాలను ఇంటిపేర్ల ఆధారంగా గుర్తించారు. 9 వేల మందికి పైగా ఉన్న ఆ సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాలవాళ్లే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఉత్తరాదిలో ఈ పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది. తెలుగు నేల మీద ఒకే ఇంటిపేరు మాలల్లోనూ ఉంటుంది, కమ్మల్లోనూ ఉంటుంది. ఇంటిపేరు చూసి కులం రాసుకుంటే మన దగ్గర లెక్క తప్పుతుంది. మనం అడిగే తెలుసుకోవాలి.

అరువు కొలబద్దలు

మేనేజ్‌మెంట్ పరిశోధనలో ప్రశ్నావళి అంటే ఎక్కువగా స్కేళ్లే. ఒక వాక్యం ఇచ్చి ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ వరకు ఐదు మెట్లలో జవాబు అడిగే పద్ధతిని రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించాడు. ఉద్యోగ సంతృప్తిని కొలిచే మిన్నెసోటా ప్రశ్నావళి 1967లో వచ్చింది. సంస్థ న్యాయంగా ఉందా లేదా అని కొలిచే జేసన్ కోల్‌క్విట్ స్కేలు 2001లో వచ్చింది. మన యూనివర్సిటీల్లో ఎంబీఏ ప్రాజెక్టుల నుంచి పీహెచ్‌డీల దాకా చాలామంది ఇలాంటి స్కేళ్లనే తీసుకుని, పైన కంపెనీ పేరు మార్చి పంచుతారు.

ఆ స్కేళ్లు పనికిరావని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి పరీక్షించినవి అవి. కానీ అవి పుట్టిన ఆఫీసుల్లో కులం లేదు, లేదా ఉందని ఎవరూ అనుకోలేదు. కోల్‌క్విట్ స్కేలులో ‘పైవాళ్లు మీతో మర్యాదగా ఉంటారా’ అన్న అర్థం వచ్చే ప్రశ్నలున్నాయి. చిన్నప్పటి నుంచి ‘ఏరా’ అని పిలిపించుకున్న మనిషికి, తిట్టకుండా పని చెప్పే సూపర్‌వైజర్ మర్యాదస్తుడే. అతను ఐదుకు నాలుగు వేస్తాడు. పక్క సీటులో ఉన్న అగ్రకుల ఉద్యోగి, మీటింగులో తన మాట మధ్యలో ఆపారన్న కోపంతో మూడు వేస్తాడు. సగటు తీస్తే దళితుడికే మర్యాద ఎక్కువ దొరుకుతోందని తేలుతుంది! ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి కొలబద్దలు వేరు.

స్కేలు నాణ్యతకు గుర్తుగా క్రోన్‌బాక్ ఆల్ఫా అనే సంఖ్యను చూపిస్తారు. 1951 నుంచి వాడుకలో ఉన్న లెక్క ఇది. 0.7 దాటితే గైడు సంతోషిస్తారు. ఆల్ఫా చెప్పేది ఒక్కటే: ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని. భయపడ్డవాళ్లు ప్రతి ప్రశ్ననూ ఒకేలా దాటేసి, భయం లేనివాళ్లు ప్రతి ప్రశ్నకూ ఒకేలా ఉన్నమాట చెప్పినా ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. అప్పుడు మనం కొలిచింది వివక్షనా, భయాన్నా అన్నది ఆల్ఫా చెప్పదు.

పేరు అడగొద్దు, జరిగింది అడగండి

ఈ చిక్కుకు పరిశోధకులు ఎప్పుడో ఒక దారి కనిపెట్టారు. పని చోట వేధింపులను కొలిచే ‘నెగెటివ్ యాక్ట్స్’ ప్రశ్నావళిని నార్వేలో స్టోలే ఐనార్సెన్, అతని సహచరులు అభివృద్ధి చేశారు. 22 అంశాలున్న దాని సవరించిన రూపం 2009లో వచ్చింది. ఆ 22 అంశాల్లో ఎక్కడా వేధింపు అన్న మాట ఉండదు. మీకు అవసరమైన సమాచారం దాచారా, మీ స్థాయికి తగ్గ పని ఇవ్వలేదా, మీ గురించి పుకార్లు పుట్టించారా అని ఒక్కో చర్యనూ విడిగా అడుగుతుంది. ఎన్నిసార్లు జరిగిందో చెప్పమంటుంది. దాన్ని వేధింపు అనాలా వద్దా అన్నది పరిశోధకుడి పని.

అమెరికాలో నల్లజాతివాళ్ల అనుభవాలను కొలవడానికి డేవిడ్ విలియమ్స్ బృందం 1997లో ప్రచురించిన రోజువారీ వివక్ష స్కేలు కూడా ఇదే దారిలో నడుస్తుంది. మొదట జాతి ఊసే ఎత్తదు. ఇతరుల కంటే మీకు మర్యాద తక్కువ దొరుకుతుందా, మిమ్మల్ని తెలివి తక్కువవాళ్లలా చూస్తారా అని తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ఆ తర్వాతే ‘దీనికి కారణం ఏమనుకుంటున్నారు’ అని అడుగుతుంది.

మన దేశంలోనూ దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2011-12లో 42 వేలకు పైగా కుటుంబాలతో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో, ‘మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా’ అని ముందు అడిగారు. లేదన్నవాళ్లతో అక్కడితో ఆపలేదు. ‘ఎస్సీ వ్యక్తి మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఫరవాలేదా’ అని రెండో ప్రశ్న వేశారు. ఈ రెంటిలో ఏదో ఒకచోట ఒప్పుకున్న కుటుంబాలు సుమారు 27 శాతం. పాటించమని చెప్పినవాళ్లలో కొందరికి గిన్నెల దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరం వచ్చింది. రెండో ప్రశ్న లేకపోతే వాళ్లంతా పాటించనివాళ్ల లెక్కలోకే వెళ్లేవాళ్లు.

అయితే కారణం అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ‘ప్రధాన కారణం ఒక్కటే టిక్ చేయండి: కులం, మతం, ఆడవాళ్లు కావడం, చదువు, ప్రాంతం’ అని పెడితే దళిత మహిళ ఏం చేయాలి? టాయిలెట్ల డ్యూటీ ఆమెకు పడింది కులం వల్లా, ఆడమనిషి కావడం వల్లా? ఆమె జీవితంలో ఆ రెండూ విడివిడిగా లేవు. కింబర్లీ క్రెన్‌షా 1989లోనే అమెరికా నల్లజాతి మహిళల కేసులు చూపించి ఈ మాట చెప్పింది. ఎన్నయినా టిక్ చేసే వీలు ఇవ్వాలి.

మన భాషలో మర్యాద కొలత

ఇంగ్లీషు స్కేలు తెలుగులోకి తేవడానికి చాలామంది వాడే పద్ధతి ఒకటుంది. ఒకరు తెలుగు చేస్తారు, ఇంకొకరు ఆ తెలుగును చూసి తిరిగి ఇంగ్లీషు చేస్తారు, రెండు ఇంగ్లీషులూ కలిస్తే అనువాదం సరైనదని లెక్క. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఈ పద్ధతిని వివరించాడు. కానీ ఇద్దరు అనువాదకులూ యూనివర్సిటీ తెలుగు వాళ్లయితే ‘వివక్ష’, ‘పక్షపాతం’, ‘తటస్థం’ అన్న మాటలు అటూ ఇటూ సాఫీగా వెళ్లొస్తాయి. సెల్లార్‌లో కూర్చున్న అక్క దగ్గరే ఆగిపోతాయి. ఆమె వాడే మాటలు ‘తేడా చూస్తరు’, ‘దూరం పెడ్తరు’, ‘చిన్నచూపు’, ‘మమ్మల్ని లెక్కచెయ్యరు’.

కొన్ని విషయాల్లో మన భాష ఇంగ్లీషు కంటే మంచి కొలబద్ద ఇస్తుంది. ఇంగ్లీషులో అందరూ ‘యూ’ యే. తెలుగులో నువ్వు ఉంది, మీరు ఉంది, ఏరా ఉంది, గారు ఉంది. పిలుపులోనే మెట్లున్నాయి. అందుకని ‘మీకు గౌరవం దక్కుతోందా’ అన్న ప్రశ్న తీసేసి రెండు ప్రశ్నలు పెట్టాను. మీ సూపర్‌వైజర్ మిమ్మల్ని ఎలా పిలుస్తారు? మీ వయసే ఉండి, మీ పనే చేసే మిగతావాళ్లను ఎలా పిలుస్తారు? మొదటి జవాబు ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు, అందరినీ నువ్వు అనే మనిషి కావచ్చు. రెండు జవాబుల మధ్య తేడాయే మనకు కావలసిన కొలత. ఆ తేడా దళితుల విషయంలోనే కనబడుతోందా అన్నది తర్వాత లెక్కలో తేలుతుంది.

ఇలా మార్చిన ప్రశ్నలు కొన్ని:

- గత ఆరు నెలల్లో, నీళ్ల మెషిన్ వాడొద్దని మీకు ఎవరైనా చెప్పారా? (క్యాంటీన్, లిఫ్టు, టాయిలెట్‌లకు ఇదే ప్రశ్న విడివిడిగా.)
- కిందటి వారం మీరు చేసిన పనులన్నిటికీ టిక్ చేయండి: టాయిలెట్లు, చెత్త, కారిడార్, రిసెప్షన్, టీ ఇవ్వడం, ఫైళ్లు మోయడం.
- ఇక్కడ చేరినప్పటి నుంచి మీ ఊరు, వాడ, ఇంటిపేరు, మీ నాన్న చేసే పని గురించి ఎవరైనా అడిగారా? (ఒక్కోదానికి విడిగా.) అడిగిన తర్వాత వాళ్ల తీరు మారిందా?
- గత నెల రోజుల్లో మీరు తెచ్చుకున్న కూర తోటి ఉద్యోగులు ఎవరైనా తిన్నారా? వాళ్ల కూర మీకు పెట్టారా?

ఐటీ ఉద్యోగులకైతే వేరే ప్రశ్నలు కావాలి. వాళ్లను ‘ఏ వాడ’ అని ఎవరూ అడగరు. ‘ఎంసెట్‌లో ర్యాంకెంత? ఆ ర్యాంకుకు ఆ కాలేజీలో సీటెలా వచ్చింది?’ అని అడుగుతారు. ‘పూర్తి పేరేంటి’ అంటారు. ‘ఇంట్లో నాన్‌వెజ్ ఏమేం తింటారు’ అంటారు. పైకి అవన్నీ కబుర్లే. ఎవరిని ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టినప్పుడే వాటి సంగతి బయటపడుతుంది.

చిన్న తప్పులు, పెద్ద నష్టాలు

ప్రశ్న రాసేటప్పుడు పదే పదే దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. అన్నీ నేను చేసినవే.

ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు. ‘జీతం, ప్రమోషన్ల విషయంలో మీకు న్యాయం జరుగుతోందా?’ జీతం కాంట్రాక్టు ప్రకారం అందరికీ ఒకటే, ప్రమోషన్ మాత్రం రావడం లేదు. అప్పుడు టిక్కు ఎక్కడ పెట్టాలి? రెండుగా విడగొట్టాలి.

గడువు లేని ప్రశ్న. ‘ఎప్పుడైనా అవమానం జరిగిందా?’ అంటే ఒకరు నిన్నటిది చెబుతారు, ఇంకొకరు పదేళ్ల కిందటి వేరే కంపెనీ సంగతి చెబుతారు. గత ఆరు నెలలు, ఈ కంపెనీలో అని గీత గీయాలి.

‘తరచుగా’, ‘అప్పుడప్పుడు’ అన్న జవాబులు. ఒకరికి నెలకు రెండుసార్లు అంటే తరచుగా, ఇంకొకరికి రోజూ జరిగినా అప్పుడప్పుడే. ‘ఒక్కసారీ లేదు, ఒకటి రెండుసార్లు, నెలకోసారి, వారానికోసారి, దాదాపు రోజూ’ అని పెడితే అందరికీ ఒకే అర్థం వస్తుంది.

జవాబు నోట్లో పెట్టే ప్రశ్న. ఇది ముఖ్యంగా మనలాంటివాళ్లకు. ‘మనువాద యాజమాన్యం మీ పట్ల చూపే వివక్షను మీరు ఎలా ఎదుర్కొంటున్నారు?’ అని ఒక విద్యార్థి సంఘం ఫారంలో చదివాను. ఆ కోపం నాదీ. కానీ ఆ ఫారంతో వచ్చిన లెక్కలను కోర్టులో గానీ, కమిషన్ ముందు గానీ, లేబర్ ఆఫీసులో గానీ పెడితే అవతలి లాయరు మొదట చదివి వినిపించేది ఆ ప్రశ్ననే.

కులాన్ని ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి

చాలా ఫారాల్లో పేరు, వయసు తర్వాత వచ్చే గడి కులం. అది అక్కడ ఉండకూడదు. ఉత్తరప్రదేశ్‌లోని గ్రామాల్లో బడి పిల్లలకు కాగితం మీద దారి వెతికే పజిళ్లు ఇచ్చి కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఎవరి కులమేమిటో చెప్పనప్పుడు దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. మొదటి పేజీలోనే కులం అడిగితే ఆ తర్వాత వచ్చే ప్రతి జవాబు మీదా దాని నీడ పడే అవకాశం ఉంది. అందుకని చివర్లో అడగాలి. ఎందుకు అడుగుతున్నామో ఒక వాక్యంలో చెప్పాలి. చెప్పకుండా వదిలేసే హక్కు ఉందని కూడా చెప్పాలి.

ఇక గడులు. ‘ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ’ అని నాలుగు పెడితే సరిపోతుందా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను బీసీ-సీ కింద ఉంచారు. చర్చికి వెళ్లే మాల, మాదిగ ఉద్యోగి సర్టిఫికెట్ ప్రకారం బీసీ-సీ కావచ్చు, హిందూ ఎస్సీ అనే కావచ్చు. సూపర్‌వైజర్ కంటికి మాత్రం ఎప్పుడూ మాల, మాదిగే. నాలుగు గడుల ఫారంలో బీసీ అని టిక్ పెట్టినవాళ్లంతా ఒకే గంపలో పడతారు. ఆ గంప సగటు చూసి ‘బీసీలకూ ఎస్సీలకూ అనుభవాల్లో పెద్ద తేడా లేదు’ అని రాస్తే రెండు వైపులా తప్పే. అందుకని రెండు ప్రశ్నలు కావాలి. మీ సర్టిఫికెట్‌లో ఏముంది? జనం మిమ్మల్ని ఏ కులంగా గుర్తిస్తారు? ‘కారణం సర్టిఫికెట్ గడిలో లేదు, జనం గుర్తింపులో ఉంది’ అన్నది అప్పుడే తేలుతుంది.

ఎస్సీ అనే ఒక్క గడిలోనూ తేడాలున్నాయి. తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. మన అధ్యయనానికి ఉపకులం అవసరమైతే అడగాలి. అవసరం లేకపోతే, ఎక్కువ వివరాలుంటే బాగుంటుందని అడగొద్దు. ఎందుకో కింద చెబుతాను.

కాగితం ఎవరి చేతికి పోతుంది

అక్క అడిగిన మొదటి ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఫారం మీద పేరు లేదు కదా, భయమెందుకు అనుకున్నాను. కానీ వయసు, ఆడ/మగ, డిపార్ట్‌మెంట్, చేరిన సంవత్సరం, కులం ఉన్నాయి. ఆ భవనంలో 2019లో చేరిన, నలభై దాటిన, మాదిగ మహిళ నాలుగో అంతస్తులో ఒక్కరే ఉంటే ఆ ఫారానికి పేరు అక్కర్లేదు. అందుకే అవసరం లేని వివరాలు తీసేయాలి. వయసును పదేళ్ల ముక్కలుగా అడగాలి. పది మంది కంటే తక్కువున్న గుంపు లెక్కలను విడిగా బయటపెట్టకూడదని ముందే రాసుకోవాలి.

ఫారం ఏ దారిన వెళ్తుందన్నదీ అంతే ముఖ్యం. హెచ్‌ఆర్ ద్వారా మెయిల్‌లో లింకు పంపితే జవాబులు చాలా వస్తాయి, నిజాలు తక్కువ వస్తాయి. కంపెనీ మెయిల్‌తో లాగిన్ అడిగే ఫారాన్ని ‘పేరు లేని సర్వే’ అంటే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. సూపర్‌వైజర్ గదిలో ఉండగా నింపించిన ఫారం సూపర్‌వైజర్ నింపినట్టే. పని వేళల తర్వాత, బస్టాప్ దగ్గరో బస్తీలోనో కలవడం కష్టమే. అయినా నమ్మదగిన జవాబు దొరికేది అక్కడే.

ఎవరిని అడిగామో అంతవరకే మాట్లాడాలి

ఈక్వాలిటీ ల్యాబ్స్ సంస్థ 2018లో అమెరికాలోని దక్షిణాసియావాసుల మధ్య కులం గురించి ఒక నివేదిక ప్రచురించింది. పని చోట తమను అన్యాయంగా చూశారని అందులో జవాబిచ్చిన దళితుల్లో 67 శాతం చెప్పారు. అక్కడి తెలుగువాళ్ల చర్చల్లోనూ ఈ సంఖ్య తరచుగా వినిపిస్తుంది. ఆ సర్వే ఆన్‌లైన్‌లో, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లతో జరిగింది. కాబట్టి ‘అమెరికాలోని దళితుల్లో 67 శాతం’ అని రాయకూడదు, ‘జవాబిచ్చిన దళితుల్లో’ అని రాయాలి. ఈ ఒక్క మాట వదిలేస్తే సమస్యే లేదనేవాళ్లకు మనమే ఆయుధం అందించినట్టు. కులం దాచుకుని బతికే మనుషుల జాబితా ఎక్కడా దొరకదు, లాటరీ తీసి నమూనా ఎంచుకోలేం. అలాంటి చోట ఈ సర్వే చేసిన పని చిన్నది కాదు. ఉన్నదని చూపించింది. ఎంత ఉందన్నది వేరే పద్ధతితో తేలాలి.

వివక్ష చూపేవాళ్లను కూడా అడగాలి. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 25 మంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. కులం చూస్తారా అంటే వాళ్లు చెప్పేది ప్రతిభే ముఖ్యమని. కానీ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారని ఆరా తీస్తే దాదాపు అందరి నోటా ‘కుటుంబ నేపథ్యం’ వచ్చింది. తండ్రి ఏం చేస్తాడు, ఎక్కడ పెరిగాడు, ఇంట్లో చదువుకున్నవాళ్లెవరు అని. ప్రశ్న మారింది, కులం ఇంకో పేరుతో బయటికి వచ్చింది.

ఎంత బాగా రాసినా ప్రశ్నావళి చూడలేనివి ఉంటాయి. ఉద్యోగమే రానివాళ్లు ఆఫీసు సర్వేలో ఉండరు. పిలుపు ఎందుకు రాలేదో వాళ్లకు తెలియదు, తెలియనిదాన్ని ఫారంలో రాయలేరు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో అందుకే ఎవరినీ ఏమీ అడగలేదు. 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు తర్వాతి దశకు పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ప్రశ్నావళి గేటు లోపలి సంగతి చెబుతుంది. గేటు దగ్గరి సంగతికి ఇలాంటి పరీక్షలు కావాలి.

మళ్లీ సెల్లార్‌లో

ఫారం తిరగరాశాక ఆ గదికే మళ్లీ వెళ్లాను. ఈసారి వెంటనే పంచలేదు. ఒక్కో ప్రశ్న చదివి ‘దీన్ల నీకేం అర్థమైందో నీ మాటల్ల చెప్పక్కా’ అని అడిగాను. ప్రశ్నావళి తయారీలో నాకు ఎక్కువ నేర్పింది ఈ ఒక్క పనే. డబ్బు ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నలుగురైదుగురితో ఇలా కూర్చుంటే ఏ మాట తట్టుకుంటుందో, ఏ ప్రశ్న భయపెడుతుందో తెలిసిపోతుంది. కాగితం ఎక్కడ దాస్తానో, ఎవరికి చూపించనో, ఫలితాలు ఎప్పుడు తెచ్చి చెబుతానో కూడా ముందే చెప్పాను.

నీళ్ల మెషిన్ ప్రశ్నకు ఈసారి టిక్కులు పడ్డాయి. డ్యూటీల ప్రశ్నలో ఎవరికి టాయిలెట్లు, ఎవరికి రిసెప్షన్ అన్నది వాళ్ల టిక్కుల్లోనే కనిపించింది. ‘వివక్ష’ అన్న మాట ఫారంలో ఎక్కడా లేదు.

చివర్లో అక్క ఫారం తిరగేసి చూసి, “చాయ్ సంగతి అడగలేదేంది?” అంది. పైన ఆఫీసువాళ్లకు పింగాణీ కప్పులు, పనివాళ్లకు కాగితపు కప్పులు. కాగితపు కప్పులు అయిపోయిన రోజు పనివాళ్లకు చాయ్ ఉండదట. అల్మారా నిండా పింగాణీ కప్పులున్నా సరే.

ఇప్పుడు నా ఫారంలో తొమ్మిదో ప్రశ్న అదే. “మీ పని చోట మీరు టీ దేంట్లో తాగుతారు? మీ పై అధికారి దేంట్లో తాగుతారు?”